పింగాణీ అల్లుడికి అత్తగారి ఉత్తరం

మహారాజరాజశ్రీ పింగాణీ అల్లుడుగారికి,

నల్లగొండ నుంచి మీ అత్తగారు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బట్టీలో మీ క్షేమం మాత్రం ఎల్లుండి తలుపు తీస్తే గాని తెలియదు. ఆ టెన్షన్‌కి నిద్ర పట్టక రాస్తున్నాను.

మాది కుమ్మరిల్లు. మా నాయిన ఎర్రమట్టితో బోనం కుండలు, రంజన్లు, కల్లు ముంతలు చేసి, గడ్డీ పిడకలూ పేర్చి ఆవం పెట్టేవాడు. అలాంటి ఇంట్లో పుట్టి, పుదుచ్చేరి పోయి రెండేళ్లు పని నేర్చుకుని, స్టూడియో పెట్టి మిమ్మల్ని ఏరికోరి ఇల్లరికం తెచ్చుకున్నాను. కట్నం కింద కరెంటు బట్టీ, దానికి త్రీఫేజ్ కనెక్షన్. అప్పు కాగితాల మీద సంతకం పెడుతూ నాయిన ఒక్కటే అడిగాడు: “ఇంతకీ అల్లుడు ఏం పని చేస్తడు బిడ్డా?”

చాయ్ కప్పు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇక మీ మడి. ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది కదా, దాని దుమ్ము రవ్వంత పడినా కాలిన తర్వాత మీ తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చ తేలుతుంది. అందుకని మీకు వేరే కుమ్మరి సారె, వేరే స్పాంజి, వేరే గది. నలభై ఏళ్లు మట్టి పిసికిన మనిషిని, చేతికి మట్టి ఉందని గుమ్మంలోనే ఆపాను. ఆయన ఏమీ అనలేదు, చేతులు కడుక్కుని వచ్చాడు.

మీ అలకల గురించి ఎంత రాసినా తక్కువే. సారె మీద నుంచి తీసేటప్పుడు నా వేలు తగిలి ఓ పక్కకు వంగితే వెంటనే సరిచేస్తాను. మీరూ ఏమీ జరగనట్టే నిటారుగా నిలబడతారు. 1,280 డిగ్రీల సెగ తగిలి ఒళ్లు మెత్తబడగానే పాత సంగతి గుర్తొస్తుంది కాబోలు, సరిగ్గా ఆ పక్కకే మూతి తిప్పుకుంటారు. పెళ్లిచూపుల్లో పది సెంటీమీటర్లున్న వారు కాపురానికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ఇదేమిటని ఎవరిని అడగాలి?

వంశం గొప్పదే, కాదనను. మీలో కలిసే తెల్లమట్టి కేయోలిన్‌కి ఆ పేరు చైనాలోని ఓ కొండ ఊరి నుంచి వచ్చింది. మీ తెలుపు మీద మోజుతో జర్మనీలోని సాక్సనీ ఏలిక అగస్టస్, బంగారం చేస్తానన్న బ్యోట్‌గర్‌ని నిర్బంధించి మరీ ప్రయోగాలు చేయించాడు, 1710లో మైసెన్‌లో కార్ఖానా పెట్టించాడు. కానీ మీకు కావలసిన పలుగురాయి, ఫెల్‌స్పార్ మా పాలమూరు గుట్టల్లోనే ఉన్నాయి. లారీలెక్కి పోతాయి. నేను మాత్రం పొడిమట్టి సంచులు ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి తెప్పించుకుంటాను. పాలమూరు వలస మనుషులకే అనుకున్నాను, రాళ్లకు కూడా ఉంది!

మొన్న హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో ఒకావిడ మిమ్మల్ని లైటుకెదురుగా పట్టుకుని, అవతల తన వేళ్ల నీడ చూసుకుని మురిసిపోయి, పన్నెండు వందలు మాట్లాడకుండా ఇచ్చింది. పక్కనే నాయిన చేసిన రంజన్ చూసి, “మట్టిదే కదా, యాభై తగ్గించు” అంది. మీరూ మట్టే అని చెబుదామనుకున్నాను. బేరం చెడుతుందని ఊరుకున్నాను. మీ పరువు కాపాడినందుకైనా ఈసారి బట్టీలో మూతి తిప్పుకోకండి.

రాత్రి పన్నెండు దాటింది. చేతులు తుడుచుకుంటూ నాయిన వచ్చాడు.

“మంట ఏ రంగుల ఉన్నది?”

“1,240 నాయినా.”

“నేను అంకె అడగలే. రంగు అడిగిన.”

నల్లద్దాలు ఆయన చేతికిచ్చి పక్కకు జరిగాను.

ఇట్లు,
మీ అత్తగారు