గాడ్జిల్లాకి పదికి ఎన్ని?

చిక్కడపల్లిలో మా పెదనాన్న ఇల్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక థియేటర్లో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన కూతురు, అంటే మా అక్క, మాదాపూర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేస్తుంది. అక్క కొడుకుకి పదేళ్లు. సెలవుల్లో చూసిన రాక్షస జంతువుల సినిమాలకీ, సిరీస్‌లకీ నోట్‌బుక్‌లో పదికి ఇన్ని అని మార్కులు వేస్తున్నాడు. 1954లో జపాన్ వాళ్లు తీసిన మొదటి గాడ్జిల్లాకి 4 వేసి, పక్కన ‘బోర్’ అని రాశాడు. ఆదివారం రాత్రి అన్నాలయ్యాక గొడవ అక్కడ మొదలైంది. నేను అక్క పక్షం. ఒక్క చోట మాత్రం పెదనాన్న నన్ను తనవైపు లాగేసుకున్నారు.

పెదనాన్న: వాడు వేసింది తక్కువే, కానీ వేసిన పద్ధతి సరైనదే. బోర్ కొట్టిందా లేదా, అంతే చూడాలి. నేను సినిమా ఎలా ఉందో తెర చూసి చెప్పేవాణ్ణి కాదమ్మా. ఆపరేటర్ గది కిటికీలోంచి హాలు చూసి చెప్పేవాణ్ణి. జంతువు వచ్చే టైముకి నేల క్లాసు వాడు బీడీ ఆర్పేసి ముందుకు వంగాడా, లేక బయటికెళ్లి సమోసా తింటున్నాడా? టికెట్ కొన్నది ఆ జంతువు కోసం. వినోదం తప్ప ఇంకో తూకం ఎందుకు?

అక్క: ఆ సినిమా ఏ ఏడాది వచ్చింది నాన్నా? 1954. ఆ మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ‘లక్కీ డ్రాగన్’ అనే జపాన్ చేపల పడవలో 23 మంది మీద ఆ బూడిద కురిసింది. వాళ్లలో ఒకాయన సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరులో ఈ సినిమా వచ్చింది. మొదటి సీనే సముద్రంలో వెలుగు మెరిసి పడవ మాయమవడం. ఊరు తగలబడుతుంటే ఒకావిడ పిల్లల్ని పట్టుకుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతాం అంటుంది. దాన్ని వినోదం అని పదికి ఎన్నో లెక్క వేస్తావా?

పెదనాన్న: వేస్తాను. అదే కథని డాక్యుమెంటరీగా తీస్తే ఎంతమంది వెళ్లేవాళ్లు? జపాన్లో ఆ సినిమాకి 96 లక్షల టికెట్లు తెగాయని నువ్వే చెప్పావు. వాళ్లు జంతువు కోసం వచ్చి, ఏడుపు ఇంటికి తీసుకెళ్లారు. పిలిచింది వినోదమే కదా. ఆ అరుపు విన్నప్పుడు నాకు ఇందాక ఒళ్లు జలదరించింది. నీకు లేదా?

అక్క: జలదరించింది. ఆ అరుపు ఎలా చేశారో తెలుసా? డబుల్ బాస్ అని మనిషంత వాద్యం ఉంటుంది. సంగీత దర్శకుడు ఇఫుకుబే, దాని తీగల్ని తోలు గ్లవ్‌కి జిగురు పూసి లాగించాడు. ఆ టేపుని మార్చి మార్చి వాడారు. ఆ జంతువు రబ్బరు వేషం వంద కిలోల దాకా ఉండేది. లోపల నకజిమా అనే నటుడు, లైట్ల వేడిలో, నాలుగడుగులు వేస్తే చాలు అన్నట్టు నడిచాడు. నీకు నచ్చిన వినోదమంతా వీళ్ల పని. పని చూడకుండా ‘బోర్’, ‘సూపర్’ అని రాసేయడం నాకు నచ్చదు.

(ఇక్కడ అక్క లేచి నిలబడింది. తన పని సంగతి వస్తే కూర్చుని మాట్లాడలేదు.)

అక్క: మా స్టూడియోలో రోజూ కొట్టుకునేది బరువుతోనే. కంప్యూటర్లో జంతువుకి బరువుండదు, మనం ఇవ్వాలి. కాలు నేల తాకాక దుమ్ము ఒక్క క్షణం ఆగి లేవాలి. లెక్క ఉంది: మనిషికి 25 రెట్ల ఎత్తున్నది కూలితే, నేల తాకడానికి 5 రెట్ల సమయం పడుతుంది. అందుకే ఆ రోజుల్లో కెమెరా వేగంగా తిప్పి, తెర మీద నెమ్మదిగా కనిపించేలా చేసేవాళ్లు. ఇప్పుడు తొందరపడి తీసేవాటిలో యాభై మీటర్ల జంతువు పిల్లిలా గెంతుతుంది. హాలు ఈల వేస్తుంది, నువ్వు 9 వేస్తావు. నేను వేయను.

పెదనాన్న: పిల్లిలా గెంతితే హాలు రెండోసారి ఈల వేయదమ్మా. మొదటివారం చూసి చెప్పకు, మూడోవారం చూడు. జనానికి లెక్క తెలియదు, బరువు తెలుస్తుంది.

ఈ మాటకి అక్క దగ్గర వెంటనే జవాబు లేదు. కాసేపటికి షార్క్ సినిమా ఎత్తుకుంది.

అక్క: 1975లో వచ్చిన జాస్‌కి వీడు 6 వేశాడు, షార్క్ తక్కువసేపు ఉందని. ఉప్పునీళ్లలో ఆ మర బొమ్మ మాటిమాటికీ చెడిపోయింది. అందుకే స్పీల్‌బర్గ్ దాన్ని దాచి తీశాడు. జురాసిక్ పార్క్ రెండు గంటల పైన ఉంటే డైనోసార్లు ఉన్నది పావుగంట. నువ్వన్నట్టు టికెట్ జంతువు కోసమే అయితే, రెండూ మోసం చేసినట్టే కదా?

పెదనాన్న: జంతువు ఎంతసేపుందో నేను గడియారం పెట్టి చూడమనలేదే! జంతువు లేనప్పుడు కూడా హాలు దాని కోసమే నీళ్లలోకి చూస్తోంది. నా తూకంలో అది పదికి పది. వాడికి గడియారం ఎవరు నేర్పారో కనుక్కో.

అక్క: సరే, థియేటర్ వదిలెయ్. టీవీ సంగతేంటి? ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌లో జంతువుని ఏడింట్లో దాచేది భయం కోసం కాదు, నువ్వు తర్వాతి ఎపిసోడ్ నొక్కడానికి. రాత్రి రెండింటి దాకా కూర్చున్నానంటే బాగుందనా, లేవలేకపోయాననా? అక్కడ నీకు కిటికీ లేదు, హాలు లేదు.

పెదనాన్న: లేదు. అక్కడ నా తూకం పనిచేయదు, ఒప్పుకుంటాను. వీడు ఫోన్ పక్కన పెట్టి చూశాడా అన్నది ఒక్కటే చూడగలను.

తర్వాత ఆయన అన్నదే నన్ను కదిలించింది.

పెదనాన్న: నీ తూకంతో మాయాబజార్ తూచు. 1957. ఘటోత్కచుడు రాక్షసుడే కదా. ఎవరైనా భయపడ్డారా? లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తుంటే, పిల్లలు కుర్చీలెక్కి నవ్వేవాళ్లు. జపాన్ వాడికి రాక్షసుడంటే నెత్తిన పడ్డ బాంబు. మనకి పెళ్లికొచ్చిన బంధువు. మాట్లాడతాడు, అలుగుతాడు, తింటాడు. అందులో బాధ ఎక్కడుంది, హెచ్చరిక ఎక్కడుంది? ఉన్నదంతా వినోదమే. తక్కువ మార్కులు వేస్తావా?

అక్క: ఆ లడ్డూలు ఎగిరేలా కెమెరా పెట్టింది మార్కస్ బార్ట్లే. ఆయనకి వేస్తాను పదికి పది. కానీ నాన్నా, బంధువు ఒక్కడే సరిపోతాడా మనకి? 2000లో సియోల్‌లో అమెరికా సైనిక స్థావరం వాళ్లు ఫార్మాల్డిహైడ్ డ్రైనేజీలో పారబోస్తే అది హాన్ నదిలోకి పోయింది. కొరియా దర్శకుడు బాంగ్ జూన్ హో దాన్ని పట్టుకుని 2006లో ‘ది హోస్ట్’ సినిమాలో పట్టపగలు నదిలోంచి జంతువుని లేపాడు. మన మూసీ పక్కన ముక్కు మూసుకుని రోజూ బస్సులో వెళ్తాను. అందులోంచి ఏదీ లేవదేం? ఎవరూ రాయలేదు, అంతే. మాకు పని వచ్చేదంతా బయటి దేశాల జంతువులది.

పెదనాన్న: తీస్తే చూస్తాను. మూసీ గురించి పాఠం చెప్తే మాత్రం మధ్యలో లేస్తాను.

అక్క: పాఠం చెప్పకుండా చేసిచూపించారు నాన్నా, ఈమధ్యే. 2023లో వచ్చిన గాడ్జిల్లా మైనస్ వన్‌కి గ్రాఫిక్స్ చేసింది 35 మంది. 610 షాట్లు. మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. యుద్ధంలో బతికొచ్చి సిగ్గుపడే మనిషి కథ అది, అయినా హాలు ఊపిరి బిగపట్టింది. మా ఫ్లోర్‌లోనే అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం.

పిల్లవాడు పెన్ను పట్టుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు. 4 కొట్టేశాడు, పక్కన ఏమీ రాయలేదు.

పెదనాన్న: 8 వెయ్యి రా.

అక్క: ఆ రెండూ ఎందుకు తగ్గాయి?

పెదనాన్న: మధ్యలో ఆ మీటింగులు. రీలు తిరుగుతోందా అని చెయ్యి దానంతటదే ప్రొజెక్టర్ వైపు వెళ్లబోయింది.

అక్క: ఆ మీటింగుల్లోనే కదా, జనానికి చెప్పాలా దాచాలా అని వాళ్లు కొట్టుకునేది! నేను ఒక్క నిమిషం కూడా కత్తిరించను.

పెదనాన్న: అయితే మళ్లీ పెట్టు. ఈసారి లైటు తీసేసి. వాడు ఎప్పుడు కదులుతాడో నేను చూస్తాను.