కౌపీన సంరక్షణార్థం రెండు ఇంజన్లు

ఒక్క ఇంజన్‌తో సముద్రం మీదికి పోయేవాళ్లంటే నాకు గౌరవమే, కాకపోతే అది తలుపు గొళ్లెం పెట్టకుండా నిద్రపోయేవాళ్ల మీద ఉండేలాంటి గౌరవం. బుద్ధిమంతుడు పడవ వెనక గోడకి బయట తగిలించే ఇంజన్లు (ఔట్‌బోర్డ్‌లు) రెండు పెట్టించుకుంటాడు. ఎందుకయ్యా అంటే సేఫ్టీ. ఒకటి ఆగిపోతే రెండోది ఇంటికి చేరుస్తుంది. ఈ మాటను కాదనగలిగినవాళ్లు ఇంట్లో గానీ బ్యాంకులో గానీ ఇంతవరకు పుట్టలేదు, కాబట్టి దగ్గరుండి చేపల పడవ కట్టించుకునే ప్రతివాడూ ముందు దీన్ని బట్టీ పట్టాలి. మిగతావన్నీ చిల్లర విషయాలు.

ఎన్ని గుర్రాలు, అంటే ఎంత హార్స్‌పవర్? దీనికి శాస్త్రీయమైన పద్ధతి ఒకటే ఉంది. మన వెనకాల వచ్చే పడవవాడికి ఇంజన్ మూత మీద ఏ అంకె కనిపించాలో తేల్చుకోవాలి. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 28 కిలోలు. పాపం, దాంతోనే జనం చేపలు కూడా పట్టారు. 2021లో మెర్క్యురీ వాళ్లు పన్నెండు సిలిండర్లతో ఒక్క ఇంజన్‌లోనే 600 పెట్టేశారు. ఒకటిన్నరకీ ఆరువందలకీ మధ్య మనిషి ఎక్కడ ఆగాలన్నది వైరాగ్యానికి సంబంధించిన సంగతి గానీ మెకానిక్ తేల్చేది కాదు. మర్యాదస్తులు మాత్రం రెండు 300ల దగ్గర ఆగుతారు.

ఇదిగో, సరిగ్గా ఇక్కడే పడవ కట్టేవాడు అడ్డం పడతాడు. "సార్, ఇంజన్ బరువెంతో ముందే చెప్పండి, షాఫ్ట్ (నీళ్లలోకి దిగే ఇంజన్ కాలు) 25 అంగుళాలదా 30 అంగుళాలదా తేల్చండి, రెండింటి మధ్య 26 అంగుళాలు వదలాలా 28.6 వదలాలా చెప్పండి, వెనక గోడ ఎత్తు, ట్యాంకు చోటు అన్నీ దాన్నిబట్టే ఉంటాయి" అంటాడు. మంచివాడే, కానీ ఏది ముందో ఏది వెనకో తెలియదు. మూతల రంగు పడవ రంగుకి నప్పుతుందో లేదో ఇంకా తేలనే లేదు, ఈలోపు బరువుల గోల ఏమిటి? అంతటితో ఆగడు. రెండు 150లు పెట్టుకునే బదులు ఒక్క 300 పెట్టుకోమంటాడు. రెండు 150లు కలిపి 420 కిలోల పైన తూగుతాయట, ఒక్క 300 అయితే 250-270 దగ్గర సరిపోతుందట, పైగా నీళ్లలో ఈడ్చుకుపోవాల్సిన గేర్‌కేసు (ప్రొపెల్లరుని తిప్పే గేర్ల పెట్టె) ఒకటే కాబట్టి వేగం కూడా కాస్త ఎక్కువేనట. లెక్క నిజమే. నిజమైనంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడుంది?

వేగం అన్నాం కాబట్టి ఒక మాట. గుర్రాలు రెట్టింపు చేస్తే వేగం రెట్టింపవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నీటి మీద జారిపోయే పడవల వేగం అంచనా వేయడానికి క్రౌచ్ సూత్రం అని ఒకటుంది, దాని ప్రకారం వేగం శక్తికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అంటే 40 నాట్స్‌తో (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) పోయే పడవకి గుర్రాలు రెట్టింపు చేస్తే 80 రాదు, 56 వస్తుంది. అదీ బరువు రవ్వంత కూడా పెరగకపోతే.

పెరగకుండా ఎలా ఉంటుందండీ! గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చి, ఆవుకి గడ్డి కోసం పొలం సంపాదించి, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి గుర్తున్నాడా? ఆయన పడవ కట్టించుకుని ఉంటే కథ ఇలా నడిచేది. రెండు 300లు అంటే అర టన్ను పైమాటే, అదంతా పడవ చిట్టచివర వేలాడుతుంది. వెనక భాగం కుంగుతుంది. డెక్ మీద పడ్డ నీళ్లు బయటికి పోవాల్సిన కన్నాలు నీటి మట్టం కిందికి దిగి, అదే దారిలో సముద్రం లోపలికి వస్తుంది. దానికి మందు, పడవని ఇంకో రెండు మూడడుగులు పొడిగించడం. పొడిగిస్తే బరువు పెరుగుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఈ జోడీ గంటకి 200 లీటర్ల దాకా తాగేస్తుంది కాబట్టి ట్యాంకు పెద్దది కావాలి, వెయ్యి లీటర్ల పెట్రోలంటే ముప్పాతిక టన్ను. ఇంత బరువుకి 300లు ఏం సరిపోతాయి, 350లు చూడాలి. అవి ఇంకా బరువు. మనం బయల్దేరింది మాత్రం సేఫ్టీ కోసమే, అది మరిచిపోకూడదు.

అన్నట్టు ఆ సేఫ్టీ సంగతి. ఒకటే ట్యాంకు, ఒకటే ఫిల్టరు పెట్టి రెండు ఇంజన్లు తగిలిస్తే, పెట్రోల్‌లో నీళ్లు కలిసిన రోజున కవలలిద్దరూ ఒకే జబ్బుతో, ఇంచుమించు ఒకే నిమిషంలో పోతారు. దేని ట్యాంకు, దేని ఫిల్టరు, దేని బ్యాటరీ దానికి ఉంటేనే ఆ రెండోది రెండోదవుతుంది. ఇవేవీ బయటికి కనిపించవు, ఫొటోలో పడవు, అందుకని బడ్జెట్ కోత పెట్టాల్సి వచ్చినప్పుడు ముందు వీటి మీదే చెయ్యి పడుతుంది. పోనీ ఒకటే చెడిందనుకుందాం. రెండు ఇంజన్లూ లాగుతాయన్న లెక్కతో ఎంచిన ప్రొపెల్లర్లు అవి. ఒంటరిగా మిగిలిన ఇంజన్ ఆయాసపడుతుందే తప్ప ఫుల్ థ్రాటిల్‌లో తిరగాల్సిన 5000-6000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) ముఖం చూడదు, చాలా పడవలు నీటి మీదికి లేవను కూడా లేవవు. చచ్చినదాన్ని పైకెత్తుకుని ఏ 7 నాట్స్‌తోనో ఇంటికి రావాలి.

ప్రొపెల్లర్లంటే ఇంకో ముచ్చట. వలపటెద్దు, దాపటెద్దులాగా ఒకటి కుడికి తిరిగితే ఇంకోటి ఎడమకి తిరగాలి, లేకపోతే పడవ ఒక పక్కకే లాగుతుంది. కాబట్టి స్పేర్ కూడా రెండు రకాలు మోయాలి. వంద గంటలకోసారి ఆయిల్ మార్పిడి, నీటి పంపు ఇంపెల్లరు, ప్లగ్గులు, అన్నీ రెండేసి. తుప్పు మాత్రం ఇద్దరికీ సమానంగా పడుతుంది, అందులో పక్షపాతం లేదు.

ఇంతా చేసి నీళ్లలోకి దిగాక చేప సంగతి గుర్తొస్తుంది. ట్యూనా కోసం ఎరలు వెనక కట్టుకుని లాగేది 6 నుంచి 9 నాట్స్ మధ్య. గుర్రం చెడి ఇంటికొచ్చిన వేగం కూడా ఇంచుమించు అదే. ఇక బతికున్న ఎర వేస్తే 2, 3 నాట్స్ మించకూడదు, మన ఆరువందల గుర్రాలేమో ఊరికే గేర్‌లో పెడితేనే అంతకంటే జోరుగా నడుస్తాయి. పడవ కట్టినవాడిని అడిగితే "ఏముంది సార్, ఒక ఇంజన్ ఆపెయ్యండి" అన్నాడు. ఎంత మాట! ఇంత తతంగం చేసింది ఒక్క ఇంజన్‌తో చేపలు పట్టడానికా? అందుకని వెనక ఒక మూలకి 9.9 హార్స్‌పవర్‌ది చిన్నదొకటి బిగించాలని తీర్మానించాను. అయితే ఒక మూలనే బరువు పెడితే పడవ ఆ పక్కకి ఒరుగుతుంది కదా. రెండో మూలకి కూడా ఇంకోటి చెప్పాను.