స్నానం నీళ్లకు మైక్రోవేవ్ లెక్క కుదరదు
మైక్రోవేవ్ గిన్నెను కాకుండా నీళ్లనే వేడి చేస్తుంది కాబట్టి స్నానానికి నీళ్లు అందులో కాచుకుంటే కరెంటు ఆదా అని మీ వ్యాసంలో రాశారు. కానీ అది తీసుకునే కరెంటులో సుమారు సగమే నీళ్లకు చేరుతుంది, మిగతాది చాలావరకు మాగ్నెట్రాన్ (లోపల మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే భాగం) దగ్గరే వేడిగా పోతుంది. హీటర్ రాడ్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కదా, దాని వేడి దాదాపు అంతా నీళ్లకే. మా కొరాపుట్ చలిలో 15 లీటర్ల బకెట్‌ను 15 డిగ్రీల నుంచి 40కి తేవడానికి రాడ్‌కు అర యూనిట్ లోపే చాలు.

కప్పు నీళ్లకైతే మైక్రోవేవ్ పర్వాలేదు. అయితే నున్నటి కప్పులో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉండి, చెంచా పెట్టగానే ఒక్కసారిగా ఎగజిమ్మవచ్చు. పిల్లలున్న ఇళ్లకు ఇది ముందే చెప్పాలండీ, దయచేసి వ్యాసంలో చేర్చండి. రాడ్ వాడేవాళ్లు కూడా ప్లగ్ తీశాకే నీళ్లలో చేయి పెట్టాలి.