గంజాయికి లైసెన్సు ఇవ్వాలా?

(ఆమె విశాఖపట్నంలో గంజాయి కేసులు వాదించే న్యాయవాది. ఆయన ఆమె మేనమామ. సారా వ్యతిరేక ఉద్యమ కాలంలో నెల్లూరు జిల్లాలో రాత్రిబడి నడిపిన ఉపాధ్యాయుడు.)

మేనకోడలు: మామయ్యా, ఏజెన్సీ కుర్రవాడొకడు 22 కిలోల గంజాయి మూటతో దొరికిపోయాడు. 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం దృష్టిలో అది వాణిజ్య పరిమాణం. నేరం రుజువైతే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. 37వ సెక్షను ఉండగా బెయిలు రావడమే గగనం. మూట ఎత్తించినవాడి పేరు కూడా వాడికి తెలియదు. అదే మొక్క ఆకును ఆ 1985 చట్టం వదిలేసింది కాబట్టి ఉత్తరాదిలో భంగు లైసెన్సు దుకాణాల్లో దొరుకుతుంది. ఆకు అమ్మినవాడు వ్యాపారి, పూత, అంటే గంజాయి, మోసినవాడు ఖైదీ! గంజాయికీ లైసెన్సు ఇచ్చి అదుపులో పెట్టాలంటాను.

మేనమామ: ఆ పిల్లవాడిని తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. అందుకని దుకాణం తెరుస్తామా? 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది దొంగసారా మీద కాదమ్మా, సర్కారు సారా మీద. ప్రభుత్వమే వేలంపాట పెట్టి, ప్యాకెట్లలో నింపి ఊరూరికీ చేర్చింది. చట్టబద్ధం చేస్తే అదుపులో ఉంటుందంటావు. అదుపు ఎక్కడుంది? కూలి డబ్బు ఇంటికి చేరేది కాదు. తాగొచ్చిన మొగుళ్ల చేత దెబ్బలు తిన్నవాళ్లే నా బడిలో పలకలు పట్టుకుని కూర్చునేవారు.

మేనకోడలు: 1993లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎందుకు సడలించారు? సరిహద్దులు దాటి సీసాలు వచ్చిపడుతూనే ఉన్నాయి కదా!

మేనమామ: ఖజానా ఆ రాబడికి అలవాటు పడింది కనుక కూడా. గంజాయి రాబడి రుచి మరిగితే అంతే. 2019లో ఎయిమ్స్ సర్వే ఏం చెప్పింది? దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపినా సుమారు 3 కోట్లు. వీధి చివర దుకాణం ఉండటానికీ లేకపోవడానికీ తేడా అందులోనే ఉంది.

మేనకోడలు: పోర్చుగల్ 2001 నుంచి పది రోజుల వాడకానికి సరిపడే మత్తుపదార్థం దగ్గరుంటే నేరంగా చూడటం లేదు. ఒక కమిషన్ ముందుకు పిలిచి, అవసరమైతే చికిత్సకు పంపుతుంది.

మేనమామ: అక్కడ అమ్మినవాడు ఇప్పటికీ నేరస్థుడే. ఈ రెండింటినీ కలపకు. దుకాణాలు తెరిచింది థాయిలాండ్, 2022లో. మూడేళ్లకే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. వాడేవాడిని ఆసుపత్రికి పంపమను, నీ పక్కన నిలబడతాను.

మేనకోడలు: అందుకు మన చట్టంలోనే 64ఎ సెక్షను ఉంది. తనంతట తాను చికిత్సకు ఒప్పుకున్న వ్యసనపరుడిపై విచారణ ఆపవచ్చు. నా కేసుల్లో అది ఒక్కరికీ అందలేదు. నా కుర్రవాడికైతే వర్తించనే వర్తించదు. వాడు తాగలేదు, మోశాడు. వాళ్ల కొండమీద కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు. గంజాయికి ఆరేడు నెలలు చాలు.

మేనమామ: అయితే ఆ కనీస శిక్షను మార్చమని పోరాడు. మోసినవాడినీ పెట్టుబడి పెట్టినవాడినీ ఒకే గాటన కట్టవద్దను. ఆ మూడు నాలుగేళ్లూ సర్కారే వాళ్లకు తిండి పెట్టాలను. దుకాణం మాత్రం అడగకు.

మేనకోడలు: లైసెన్సుతో కొనేవాడు ఉంటే నా కుర్రవాడు రాత్రిపూట అడవిలో మూట మోసేవాడే కాదు. నేను అడుగుతాను మామయ్యా.