జీపీఎస్ మాడ్యూల్ కొంటే ఇంటికి పరమాణు గడియారం వచ్చినట్టేనా?

కొన్ని నెలలుగా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. వాళ్లలో ఇద్దరు ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు, అందులోని ప్రతి మాటా నిజమని నమ్మి పంపినవాళ్లు. సారాంశం ఇది: “వెయ్యి రూపాయల జీపీఎస్ మాడ్యూల్ కొంటే ఇంట్లో పరమాణు గడియారం ఉన్నట్టే. కంప్యూటర్‌కు తగిలిస్తే నానోసెకన్ల కచ్చితత్వం వస్తుంది. ఉపగ్రహం చెప్పిందే అసలు సమయం. పాత హెచ్‌పీ కౌంటర్లు, రుబీడియం పెట్టెలు కొనేవాళ్లు తుక్కు పోగేసుకుంటున్నారు. మీ ఫోనులో ఉన్నదీ ఉపగ్రహ సమయమే. ఇళ్లలో ఇంతకు మించి ఎవరికి కావాలి?”

జీపీఎస్ మాడ్యూల్ అంటే ఉపగ్రహాల సంకేతాలు విని స్థానం, సమయం చెప్పే చిన్న పరికరం. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లలో ఒక వంతు. ఇందులో నిజం పాలు లేకపోలేదు. అది ఎంతవరకో తేల్చకుండా వదిలేస్తే, కాలాన్ని కచ్చితంగా కొలిచే ఈ విద్య మీద ఆసక్తి పుట్టిన పిల్లలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. అందుకే ఒక్కో మాటకు జవాబు రాస్తున్నాను.

“మాడ్యూల్ కొంటే పరమాణు గడియారం ఉన్నట్టే.”

పరమాణు గడియారాలు ఉన్నది 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో. అక్కడి సీసియం, రుబీడియం గడియారాల లెక్క రేడియో అలల మీద మన మిద్దె దాకా వస్తుంది. మాడ్యూల్‌లో ఉన్నది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. ఆ స్ఫటికం ఎంత తప్పుగా నడుస్తోందో ఉపగ్రహాలను విని లెక్కగట్టి, మాడ్యూల్ సెకనుకు ఒక పల్సు, అంటే చిన్న విద్యుత్ సంకేతం, వదులుతుంది. పల్సు ఎప్పుడు పడాలో దానికి బాగానే తెలుసు, సరిగ్గా ఆ క్షణానికే వదలడం మాత్రం దాని చేతిలో లేదు. యూ-బ్లాక్స్ కంపెనీ నియో రకం మాడ్యూళ్లలో లోపలి గడియారం సెకనుకు 4.8 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 21 నానోసెకన్లు. పల్సు ఏదో ఒక దెబ్బ మీదే బయటికి రావాలి కనుక కాస్త ముందో కాస్త వెనకో పడుతుంది. ఆ తేడాలను వరసగా గ్రాఫు గీస్తే రంపపు పళ్లలా కనిపిస్తాయి.

సగటు తీస్తే పోతుంది కదా అని అడగవచ్చు. చాలాసార్లు పోతుంది. అయితే స్ఫటికం వేగం ఒక్కోసారి సెకనుకు పూర్తి దెబ్బల లెక్కకు అతి దగ్గరగా వచ్చి నిలుస్తుంది. అప్పుడు రంపం ఆగిపోతుంది, దోషం నిమిషాల తరబడి ఒకే పక్కకు ఒరిగి ఉంటుంది. ఒక చలికాలపు తెల్లవారుజామున మాడ్యూల్ పల్సును రుబీడియం గడియారం పల్సుతో పోల్చి చూస్తుండగా ఇది మొదటిసారి నా కంట పడింది. అప్పటిదాకా రెండు పల్సుల మధ్య కాలాన్ని కొలిచే కౌంటర్ మీద పైకీ కిందికీ ఎగిరిన చివరి అంకెలు సద్దుమణిగి, దాదాపు ఐదు నిమిషాలు కదలకుండా ఉన్నాయి. మాడ్యూల్ కుదురుకుందని సంబరపడ్డాను. ఆ ఐదు నిమిషాలూ అది ఒకే తప్పును పట్టుకుని కూర్చుంది. పోల్చడానికి పక్కన మరో గడియారం లేకపోతే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

సమయం కోసమే తయారైన రిసీవర్లు ప్రతి పల్సు ఎంత పక్కకు పడుతుందో కూడా చెబుతాయి, దాన్ని మనం తీసివేసుకోవచ్చు. యాంటెన్నా ఉన్న చోటును ఒకసారి తేల్చుకుని, ఆ తరువాత సమయాన్ని ఒక్కదాన్నే లెక్కిస్తాయి. కొనేటప్పుడు ఈ రెండు గుణాలూ చూసుకోండి.

నిజం పాలు ఎక్కడుందో కూడా చెప్పాలి. సెకనులో 20 నానోసెకన్ల తప్పు అంటే 5 కోట్లలో ఒక వంతు, గొప్పగా చెప్పుకోవలసింది కాదు. ఉపగ్రహాల వల్ల ఆ తప్పు పేరుకుపోదు. అదే 20 నానోసెకన్లను ఒక రోజు మొత్తం మీద పరిస్తే 10 లక్షల కోట్లలో రెండు వంతులకు దిగుతుంది. జీపీఎస్ బలం రోజుల మీద కనిపిస్తుంది, బలహీనత సెకన్ల మీద.

“కంప్యూటర్‌కు తగిలిస్తే నానోసెకన్ల కచ్చితత్వం.”

మాడ్యూల్ నుంచి సమయం అక్షరాల వాక్యాలుగా వస్తుంది. 9600 బాడ్ వేగంతో సెకనుకు 960 అక్షరాలు. 70 అక్షరాల వాక్యం ఒకటి పూర్తవడానికే 73 మిల్లీసెకన్లు పడుతుంది, అలాంటివి ఆరేడు వరసగా వస్తాయి. యూఎస్‌బీ మిల్లీసెకనుకోసారి పలకరించి తీసుకుంటుంది. ఒక మిల్లీసెకను అంటే 10 లక్షల నానోసెకన్లు. పల్సు తీగను రాస్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు పిన్నుకు నేరుగా కలిపితే మైక్రోసెకన్ల స్థాయికి చేరవచ్చు, అది నిజంగా మంచి ఫలితం. అక్కడి నుంచి నానోసెకన్లకు ఇంకా వెయ్యి రెట్ల దూరం ఉంది.

మధ్యలో కేబులు కూడా ఉంది. మామూలు ఆర్‌జీ-58 కోయాక్సియల్ కేబులులో సిగ్నల్ మీటరుకు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో 20 మీటర్లు కోయించుకుని వస్తే 100 నానోసెకన్ల ఆలస్యం కొనుక్కొచ్చినట్టే. ఆ అంకెను రిసీవర్‌కు చెప్పుకోవాలి. నేను మొదట యాంటెన్నాను కిటికీ గూట్లో పెట్టాను. సగం ఆకాశం కనపడక, ఎదుటి ఇంటి గోడ మీద పడి తిరిగొచ్చిన సిగ్నళ్లు కలిసి, పల్సు రోజంతా అటూ ఇటూ ఊగేది. పిట్టగోడ మీద గొట్టం నిలబెట్టి యాంటెన్నాను పైకెక్కించాక అదే మాడ్యూల్ మరో మాడ్యూల్ అనిపించింది.

“ఉపగ్రహం చెప్పిందే అసలు సమయం.”

మన దేశపు అధికారిక సమయాన్ని నిలిపేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం దానికి ఆధారం, అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందు. జీపీఎస్ తన లెక్కను 1980 జనవరి 6న మొదలుపెట్టింది, ఆ తరువాత భూమి తిరిగే వేగానికి సరిపోయేలా అప్పుడప్పుడు చేర్చిన లీపు సెకన్లను కలుపుకోలేదు. 2017 జనవరి 1న మన గడియారాల్లో ఉదయం 5:30కు ముందు చివరి లీపు సెకను చేరినప్పటి నుంచి జీపీఎస్ సమయం అంతర్జాతీయ సమయం కంటే 18 సెకన్లు ముందుంది. ఈ తేడాను ఉపగ్రహాలే ప్రసారం చేస్తాయి, కానీ పూర్తి సందేశం ఒక చుట్టు తిరగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. కొత్తగా వెలిగించిన పాత మాడ్యూల్ అప్పటిదాకా తన జ్ఞాపకంలోని పాత అంకెతోనే సమయం చెబుతుంది, రెండు మూడు సెకన్లు తప్పవచ్చు. నానోసెకన్ల కోసం కొన్న వస్తువు సెకన్లలో తప్పుతుందని ఆ సందేశంలో ఎక్కడా లేదు.

వారాల లెక్క మరొకటి. జీపీఎస్ సందేశంలో వారం సంఖ్యకు పది బిట్లే ఉన్నాయి, 1024 వారాలకు సున్నాకు తిరుగుతుంది. 1999 ఆగస్టులో, 2019 ఏప్రిల్‌లో అలా తిరిగింది. రిసీవర్లు దీన్ని తమ సాఫ్ట్‌వేర్‌లో సర్దుకుంటాయి, ఆ సర్దుబాటుకూ గడువు ఉంటుంది. ఔత్సాహికులు ఎంతో ఇష్టపడే ట్రింబుల్ థండర్‌బోల్ట్ అనే జీపీఎస్ గడియారపు పెట్టె 2017 జూలై 30న 1997 డిసెంబరుకు వెళ్లిపోయింది. తేదీ పోయినా దాని 10 మెగాహెర్ట్జ్ అల, అంటే సెకనుకు కోటి సార్లు ఊగే సిగ్నల్, మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక 2016 జనవరి 26. ఒక పాత ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పించే సమయంలో కొన్ని జీపీఎస్ ఉపగ్రహాలు అంతర్జాతీయ సమయపు సవరణను సుమారు 13 మైక్రోసెకన్ల తప్పుతో ప్రసారం చేశాయి. దారి చూపడంలో తేడా రాలేదు, సమయం కోసం జీపీఎస్‌ను నమ్ముకున్న యంత్రాలకే దెబ్బ తగిలింది. మన దగ్గరా చూశాం: 2013 జూలైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన దారిచూపే ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఏలో మూడు రుబీడియం గడియారాలూ పాడయ్యాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో చేసిన రుబీడియం గడియారాన్ని పంపారు. ఆకాశంలో ఉన్నంత మాత్రాన గడియారం తప్పు చేయకుండా ఉండదు. ఇంట్లో రెండు గడియారాలు ఉంటే తేడా ఉందని తెలుస్తుంది, మూడో గడియారం ఉంటే తప్పింది ఏదో తెలుస్తుంది.

“పాత పరికరాలు తుక్కు.”

నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట ఇదే.

1970ల చివర్లో వచ్చిన హెచ్‌పీ 5370 కౌంటర్ రెండు పల్సుల మధ్య కాలాన్ని 20 పికోసెకన్ల మేర విడదీసి చూపుతుంది. పికోసెకను అంటే నానోసెకనులో వెయ్యో వంతు. అంతసేపట్లో వెలుతురు 6 మిల్లీమీటర్లు నడుస్తుంది. మాడ్యూల్ రంపపు పళ్లు 21 నానోసెకన్లవి. ఆ పళ్లను చూడగలిగిన సాధనం తుక్కు ఎలా అవుతుంది? మాడ్యూల్ తన గురించి తాను చెప్పే మాట తప్ప ఆ సందేశం రాసినవాళ్ల దగ్గర ఇంకేమీ లేదు.

హెచ్‌పీ 10811 అనే క్వార్ట్జ్ ఆసిలేటర్, అంటే ఒకే వేగంతో అలలు పుట్టించే పరికరం, సంగతి చూడండి. స్ఫటికాన్ని 80 డిగ్రీల చుట్టుపక్కల స్థిరమైన వేడిలో ఉంచే ఓవెన్ అది. ఒక సెకను మీద దాని ఊగిసలాట లక్ష కోట్లలో 5 వంతులకు మించదు. ఇందాకటి 5 కోట్లలో ఒక వంతుతో పోల్చండి, నాలుగు వేల రెట్లు నిలకడ. అయితే అది నెలల మీద మెల్లగా జరిగిపోతుంది. జీపీఎస్ సెకన్ల మీద ఊగుతుంది, నెలల మీద జరగదు. ఈ రెంటినీ జత చేసి, క్వార్ట్జ్‌ను జీపీఎస్ చేత మెల్లమెల్లగా సరిదిద్దించే పెట్టెలు సీడీఎంఏ అనే పాత తరహా మొబైల్ ఫోన్ టవర్ల కోసం తయారయ్యాయి. హెచ్‌పీ జెడ్3801ఏ అలాంటిది. టవర్ల నుంచి దించాక అవి ఔత్సాహికుల బల్లల మీదికి చేరాయి. సందేశం ఊరించే గడియారానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చినవి, ఆ సందేశం తుక్కు అనే ఇలాంటి పాత పెట్టెలే.

వీటిని నేర్చుకోవడానికి ఖరీదైన కౌంటర్ కూడా అక్కర్లేదు. రెండు 10 మెగాహెర్ట్జ్ అలలను, అలలను తెర మీద గీసి చూపే పాత ఆసిలోస్కోప్‌కు ఇవ్వండి, ఒకదాని మీద తెరను నిలపండి. రెండోది పక్కకు జారుతూ పోతుంది. ఓవెన్ అప్పుడే వెలిగించి ఉంటే పరుగెత్తుతుంది. పావుగంట గడిస్తే నడకలోకి దిగుతుంది, మర్నాటికి కదులుతోందో లేదో పోల్చుకోలేం. ఒక అలకు పట్టే కాలం 100 నానోసెకన్లు. అది పూర్తిగా జారడానికి 100 సెకన్లు పట్టిందంటే తేడా వంద కోట్లలో ఒక వంతు. చేతి గడియారం, కాగితం, పెన్సిలు చాలు. నాకు సందేశం పంపిన ఇద్దరు పిల్లలనూ మా ఇంటికి పిలిచి చేయించింది ఇదే.

రుబీడియం పెట్టెల గురించి ఒక హెచ్చరిక ఉంది. అవి నిజంగా పరమాణు గడియారాలే, రుబీడియం పరమాణువుల, సెకనుకు 683.47 కోట్ల కంపనాలను పట్టుకుని నడుస్తాయి. అయినా లోపలి వాయువు వల్ల ఆ కంపనం కాస్త పక్కకు జరుగుతుంది కనుక ఒకసారి జీపీఎస్‌తోనో సీసియంతోనో సరిచూసుకోవాలి. కొన్న రోజే నమ్మేయకండి.

“ఫోనులో ఉన్నదీ ఉపగ్రహ సమయమే.”

మామూలుగా ఫోను సమయాన్ని మొబైల్ నెట్‌వర్క్ నుంచో ఇంటర్నెట్ సర్వర్ నుంచో తీసుకుంటుంది. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి సెకన్లు మారడం చూడండి.

“ఇళ్లలో ఇంతకు మించి ఎవరికి కావాలి?”

అమెరికాలో టామ్ వాన్ బాక్ అనే ఔత్సాహికుడు 2005 సెప్టెంబరులో మూడు హెచ్‌పీ 5071ఏ సీసియం గడియారాలను, తన ముగ్గురు పిల్లలను వ్యానులో ఎక్కించుకుని రెయినియర్ కొండ మీదికి వెళ్లాడు. దాదాపు 1,600 మీటర్ల ఎత్తున వారాంతం గడిపి, దిగి వచ్చి, ఇంట్లో వదిలి వెళ్లిన గడియారాలతో పోల్చాడు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం ఎత్తున కాలం కాస్త వేగంగా నడవాలి. లెక్క ప్రకారం రావలసిన తేడా 22 నానోసెకన్ల దగ్గర ఉంది, కొలిస్తే దాదాపు అంతే వచ్చింది.

అదే వ్యానులో వెయ్యి రూపాయల మాడ్యూల్ పెట్టుకుని వెళ్లి ఉంటే ఏమీ కనిపించేది కాదు. మాడ్యూల్ కొండ మీద ఉన్నా ఇంట్లో ఉన్నా ఉపగ్రహాల లెక్కనే అప్పజెబుతుంది. కొండ మీద గడిచిన కాలాన్ని తానుగా లెక్కపెట్టుకున్నవి ఆ మూడు సీసియం గడియారాలే.