బోల్టు బిగించువారికి ముఖ్య గమనిక

అమెరికాలో ఫ్యాక్టరీ పెట్టదలచిన కొరియా కంపెనీలకు ఇకపై ఏ సందేహమూ అక్కర్లేదు. డబ్బు ఎంత తెచ్చినా వద్దనరు. యంత్రాలు ఓడలకొద్దీ దించినా వద్దనరు. ఆ యంత్రాల వెంట మనుషులు దిగితే మాత్రం నడుముకి గొలుసు, చేతులకి బేడీలు, కాళ్లకి సంకెళ్లు వేసి మర్యాద చేస్తారు. 2025 సెప్టెంబరు 4న జార్జియా రాష్ట్రం ఎల్లబెల్‌లో ఈ మర్యాద అంగరంగ వైభవంగా జరిగింది. హ్యుందాయ్, ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ కలిసి 430 కోట్ల డాలర్లతో కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ అది. చెల్లని వీసాల మీద పనిచేస్తున్నారంటూ అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ దర్యాప్తు విభాగం వాళ్లు దాని మీద పడ్డారు. వారంటులో పేరు పెట్టి వెతికింది నలుగురిని, బస్సులెక్కించింది 475 మందిని. అందులో 317 మంది కొరియన్లు. ఒకేచోట ఇంతమందిని పట్టడం తమ విభాగం చరిత్రలోనే రికార్డని అధికారులు ప్రకటించి, గొలుసుల వీడియో కూడా విడుదల చేశారు. పెళ్లి వీడియో కూడా ఇంత త్వరగా చేతికి రాదు.

ముహూర్తం కూడా చూసే పెట్టారు. సరిగ్గా పది రోజుల ముందు, ఆగస్టు 25న, కొరియా అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ వైట్‌హౌస్‌లో ట్రంప్‌తో నవ్వుతూ ఫొటో దిగారు. అదే రోజు హ్యుందాయ్ తన అమెరికా పెట్టుబడిని 2,600 కోట్ల డాలర్లకు పెంచుతున్నట్టు చెప్పింది. సుంకాలు తగ్గించుకోవడానికి కొరియా ప్రభుత్వం అంతకుముందే ఒప్పుకున్న 35,000 కోట్ల డాలర్లు దీనికి అదనం. వియ్యంకుడు కట్నం లెక్కపెట్టి జేబులో వేసుకున్నాక పెళ్లికూతురి తరఫువాళ్లని పోలీసులకు పట్టించడం మన సీరియళ్లలో కూడా ఇంకా రాలేదు.

తప్పు కొరియన్లదేనని కొందరు అమెరికన్ల వాదన. సరైన వీసా తీసుకోవచ్చుగా అంటారు. నిజమే, తీసుకోవచ్చు. అందుకు మార్గాలు ఇవి. హెచ్-1బి కావాలంటే మార్చిలో లాటరీకి పేరివ్వాలి. ఏడాదికి 65,000, అమెరికాలో పీజీ చేసినవాళ్లకి మరో 20,000. పేరు తగిలినా పని మొదలుపెట్టేది అక్టోబరు 1న. యంత్రం మేలో జార్జియాలోని సవానా రేవులో దిగితే, దాన్ని బిగించేవాడు వచ్చేదాకా ఐదు నెలలు కంటైనర్‌లోనే పడుకోబెట్టాలి. పైగా డిగ్రీ కావాలి. పాతికేళ్లుగా చేతిమీద పని నేర్చిన ఫిట్టరుకు డిగ్రీ ఎక్కడిది? అరెస్టులు జరిగి రెండు వారాలు దాటగానే కొత్త హెచ్-1బికి లక్ష డాలర్ల రుసుము కూడా వచ్చింది. ఈ విషయంలో సియోల్‌కు సలహా ఇవ్వగలిగినవాళ్లు భూమ్మీద ఎవరైనా ఉంటే అది తెలుగువాళ్లే. చిలుకూరు బాలాజీకి ముందు 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108. లాటరీ కన్నా నమ్మకమైన పద్ధతి.

సొంత సిబ్బందిని అమెరికా శాఖకు బదిలీ చేసే ఎల్-1 ఉందిగా అంటారా? ఉంది. గత మూడేళ్లలో కనీసం ఏడాది అదే కంపెనీలో పనిచేసి ఉండాలి, ఆ కంపెనీకి అమెరికాలో శాఖ ఉండాలి. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది ఎల్‌జీ ఉద్యోగులు కారు. యంత్రాలు అమ్మిన, బిగించే చిన్న కంపెనీల మనుషులు. యంత్రం బిగించి మూడు నెలల్లో ఇంటికి పోయేవాడి కోసం ముప్పైమంది సిబ్బందున్న కంపెనీ జార్జియాలో శాఖ తెరవాలన్నమాట. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న ఆస్ట్రేలియాకు ఏడాదికి 10,500 ప్రత్యేక వీసాలున్నాయి. సింగపూర్‌కు 5,400, చిలీకి 1,400. 2012 నుంచి అదే రకం ఒప్పందం అమల్లో ఉన్న కొరియాకు సున్నా. 15,000 వీసాల బిల్లొకటి 2013 నుంచి అమెరికన్ కాంగ్రెస్‌లో ప్రవేశపెడుతూనే ఉన్నారు, అది మురిగిపోతూనే ఉంది.

ఇక మిగిలినవి రెండు. 90 రోజులకు వీసా లేకుండా రానిచ్చే ఎస్టా, వ్యాపార సందర్శకుల బి-1. దాదాపు అందరూ వీటి మీదే వచ్చారు, ఏళ్ల తరబడి. రెండు ప్రభుత్వాలకూ తెలుసు. గవర్నర్లకి ఇంకా బాగా తెలుసు, రిబ్బన్లు కత్తిరించింది వాళ్లే.

బి-1 నిబంధన అద్భుతమైనది, నిదానంగా చదవాలి. విదేశీ కంపెనీ అమ్మిన యంత్రాన్ని బిగించడానికి, బాగుచేయడానికి రావచ్చు. ఆ సేవ చేసిపెట్టాలని అమ్మకం ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. వచ్చేవాడికి ఆ యంత్రం గురించి ప్రత్యేక పరిజ్ఞానం ఉండాలి. జీతం అమెరికా నుంచి ఒక్క సెంటు కూడా రాకూడదు. భవన నిర్మాణ పని మాత్రం చేయకూడదు, చేసేవాళ్ల పక్కన నిలబడి పర్యవేక్షించవచ్చు, నేర్పవచ్చు.

ఇప్పుడు యంత్రాన్ని నేలకు పట్టి ఉంచే ఒక యాంకర్ బోల్టును తీసుకుందాం. యంత్రం కాలిలో ఉన్న రంధ్రం యంత్రానిదే కాబట్టి దానిలోంచి బోల్టు దూర్చడం బిగింపు. కింద కాంక్రీటు నేలలో ఆ బోల్టుకు రంధ్రం వేయడం నిర్మాణం. అంటే బోల్టు పై సగం బి-1, కింద సగం నేరం. యంత్రంలోంచి వచ్చే కేబుల్ కలపవచ్చు, అది పరుచుకుని వెళ్లే ట్రేని గోడకు బిగించడం అనుమానాస్పదం. కవచ వాహనాల్లో వచ్చిన అధికారులు బోల్టులో ఏ సగం దగ్గర ఎవరున్నారో విడదీసి చూశారని అనుకోవడానికి ఆధారాలు లేవు.

ఇంతకీ ఆ ఫిట్టర్లు చేసే పని ఏమిటి? వెంట్రుక మందంలో పదోవంతుకి అటూఇటూగా ఉండే రాగి రేకు మీద పూత పూసి, దాన్ని పదుల మీటర్ల పొడవున్న ఓవెన్‌లోంచి లాగుతూ ఆరబెట్టే యంత్రాల్ని సరిగ్గా కూర్చోబెట్టాలి. ఒక రోలరు వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటే రేకు ముడతపడుతుంది, వేగంలో తెగుతుంది. రేకును కత్తిరించే బ్లేడు అరిగితే అంచున సన్నటి ముల్లు లేస్తుంది. అది లోపలి పొరను పొడిస్తే షార్ట్ సర్క్యూట్. అసెంబ్లీ గదిలో గాలి ఎంత పొడిగా ఉండాలంటే, మంచుబిందువు, అంటే గాలిలోని తేమ బొట్టుకట్టే ఉష్ణోగ్రత, మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే కింద. తేమ చేరిందా, బ్యాటరీ లోపలి ద్రవమైన ఎలక్ట్రోలైట్‌లోని లవణం విడిపోయి ఆమ్లం పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది. ఇవన్నీ సరిచేయగల అమెరికన్లు జార్జియాలో ఎందరున్నారన్న ప్రశ్న పై స్థాయిలోనూ మెదిలింది. కొరియన్లని విమానం ఎక్కించేముందు, ఉండిపోయి మనవాళ్లకి నేర్పుతారేమో కనుక్కోమని ట్రంప్ అడిగారని కొరియా విదేశాంగ మంత్రి చో హ్యున్ చెప్పారు. దాంతో ప్రయాణం ఒక రోజు వాయిదా పడింది. గురువు కాళ్లకి సంకెళ్లు వేసి విద్య అడగడం ఆ దేశపు గురుకుల సంప్రదాయం కాబోలు. ఒక్కరు ఉండిపోయారు. 316 మంది సెప్టెంబరు 11న అట్లాంటాలో కొరియన్ ఎయిర్ ప్రత్యేక విమానం ఎక్కారు. బహిష్కరణ కాదు, స్వచ్ఛంద నిష్క్రమణ అని రాయించుకోవడం, విమానం దాకా బేడీలు లేకుండా తీసుకెళ్లడం - ఈ రెండూ సాధించినందుకు దౌత్య విజయమన్నారు. ఫ్యాక్టరీ కనీసం రెండు మూడు నెలలు ఆలస్యమని హ్యుందాయ్ సీఈఓ లెక్కగట్టారు.

సియోల్‌లో కోపం కట్టలు తెంచుకుంది, న్యాయమే. సంకెళ్ల బొమ్మలు చూసి అధికారపక్షం, ప్రతిపక్షం ఒక్కటయ్యాయి. అయితే అదే ఏడాది జూలైలో ఇంకో వీడియో బయటికొచ్చింది. కొరియాలోనే నాజు ఊళ్లోని ఇటుకల ఫ్యాక్టరీలో శ్రీలంక కార్మికుణ్ణి ఇటుకలతో కలిపి ప్లాస్టిక్ చుట్టి ఫోర్క్‌లిఫ్ట్‌తో పైకెత్తారు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అధ్యక్షుడు ఖండించారు. 2024 జూన్ 24న హ్వాసంగ్‌లో అరిసెల్ బ్యాటరీ ఫ్యాక్టరీ తగలబడి 23 మంది చనిపోతే, వాళ్లలో 18 మంది విదేశీయులు. యజమానికి కింది కోర్టులో 15 ఏళ్ల శిక్ష పడింది జార్జియా విమానం దిగిన పదకొండో రోజున. కొరియాలో ఇ-9 వీసా మీద పనిచేసే నేపాలీ, కంబోడియన్ కుర్రాడు మొదటి మూడేళ్లలో యజమానిని మారాలంటే మూడుసార్లకు మించి కుదరదు, అదీ కారణం చూపించి. గొలుసు నడుముకి కాదు, కాగితానికి వేస్తారు. వీడియోలో పడదు.

పోల్చిచూడాలనుకునేవాళ్లకి పెనుకొండ ఉంది. హ్యుందాయ్ గ్రూపులోదే కియా, అక్కడ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు కొరియా ఇంజనీర్లు దండిగానే దిగారు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. వాళ్లకి గొలుసులు వేయాలని ఇక్కడెవరికీ తోచలేదు, ఇళ్ల అద్దెలు పెంచాలని మాత్రం తోచింది.

కథ సుఖాంతమే. సెప్టెంబరు 30న వాషింగ్టన్‌లో రెండు దేశాల అధికారులు కూర్చుని ఒక మహత్తర నిర్ణయానికొచ్చారు: కొన్న యంత్రాన్ని బిగించడానికి, చూసుకోవడానికి, బాగుచేయడానికి బి-1 మీద రావచ్చు, ఎస్టా మీదా రావచ్చు. బి-1 గురించి ఈ మాట అమెరికా విదేశాంగ శాఖ రూల్సు పుస్తకంలో ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు దాన్ని రెండు దేశాల ఉమ్మడి విజయంగా మళ్లీ ప్రకటించారు. మళ్లీ వెళ్లే ఫిట్టర్లు ఆ పేజీ జిరాక్సు, అమ్మకం ఒప్పందంలో తమ పని రాసిన పేరాకు పసుపు గీత, కొరియా కరెన్సీలో పడ్డ జీతం చీటీ మూడూ ప్యాంటు జేబులో పెట్టుకోవాలి. చొక్కా జేబులో వద్దు, చేతులు నడుముకి కట్టేస్తే అందదు.