ముందుగా ఒక ప్రకటన, ఆ తర్వాత కిరణజన్య సంయోగక్రియ

మా అమ్మాయి స్కూల్ రసీదులో ఈ ఏడాది కొత్త పద్దు వెలిసింది: డిజిటల్ ఫీజు. ఇకపై పాఠాలన్నీ వీడియోల్లోనే అట. 2020 సెప్టెంబరులో బడులు మూసి ఉన్నప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ చానళ్లలో పాఠాలు ఇంటికే ఊరికే వచ్చాయి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష అనే ప్రభుత్వ యాప్‌లో ఇప్పటికీ ఊరికే వస్తాయి. ఊరికే వచ్చేదాన్ని డబ్బు కట్టి చూస్తేనే కదా చదువు విలువ తెలిసేది! కూకట్‌పల్లిలో ఉంటూ ఫీజుల గురించి నోరెత్తడం మర్యాద కాదు, కట్టేశాం.

డెమో క్లాసుకు తల్లిదండ్రుల్నీ పిలిచారు. పాఠం కిరణజన్య సంయోగక్రియ. స్కూల్ వైఫై ఆఫీసు గది గడప దాటదు కనుక మేడమ్ తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేశారు. ముందుగా బంగారం మీద అప్పిచ్చే కంపెనీ ప్రకటన. పిల్లలకంటే తల్లిదండ్రులే శ్రద్ధగా చూశారు. తర్వాత ఆకు వచ్చింది. ఆకు మీద చక్రం తిరిగింది. అంతలో మేడమ్ గారి ఇంటి నుంచి వాట్సాప్ మెసేజ్ స్క్రీన్ మీద పడింది: "గ్యాస్ వచ్చింది, ఓటీపీ చెప్పు." "ఏ గ్యాస్ మేడమ్, ఆక్సిజనా?" అని వెనక బెంచీ. ఆ వెంటనే ఓటీపీ కూడా పడింది. క్లాసంతా ఒక్క గొంతుతో చదివి వినిపించింది. ఇంటరాక్టివ్ లెర్నింగ్ అంటే ఇదేనని నాకు అప్పుడు తెలిసింది.

సిలబస్ అవ్వాలి కాబట్టి మిగతా వీడియో ఒకటిన్నర స్పీడులో నడిచింది. మొక్కను చీకట్లో ఉంచారు, ఒక ఆకుకు కొంత మేర నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టారు, ఆ ఆకును స్పిరిట్‌లో ఉడికించి అయోడిన్ వేశారు, ఎండ తగిలినంత మేరా నీలి నలుపు. "ముందు చీకట్లో ఎందుకు పెట్టారు మేడమ్?" అని ఒక పాప అడిగింది. వీడియో అయ్యాక చెప్తానన్నారు. వీడియోతోపాటే పీరియడ్ కూడా అయింది.

ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. ఆ పాప అడిగిందే అసలు పాఠం. అయోడిన్ తగిలితే నల్లబడేది ఆకులోని పిండిపదార్థం. ముందే ఉన్నది ఖర్చయిపోవాలి, లేకపోతే ఆకంతా నల్లబడి వెలుగు చేసిన పనేమిటో తేలదు. వీడియో ఆపి ఈ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆపితే సిలబస్ వెనకబడిందని మేడమ్‌కు మెమో ఇస్తారు. ప్రయోగం చేద్దామా అంటే ల్యాబ్‌కు తాళం, లోపల ప్రొజెక్టర్ల అట్టపెట్టెలు. కిటికీ బయట కానుగ చెట్టు నిండా ఆకులున్నాయి. నాలుగు అయోడిన్ చుక్కలకు గతిలేని బడికి అంత స్క్రీన్ ఎందుకయ్యా? సిగ్గుండక్కర్లేదా?

ప్రిన్సిపాల్ గారిని ఇదే అడిగాను, కాస్త మర్యాదగానే. ఆయన చాలా సంతోషించారు.

"ఆ ప్రయోగానికే త్రీడీ వీడియో తెప్పిస్తున్నాం సార్. ఆకును చేత్తో ముట్టుకున్నట్టే ఉంటుంది!"